తెలుగు మాటకు తెరచిన తలుపులు

ఆదివారము నాడు ఆబిడ్సులో పెద్ద దుకాణముల ఇనుప షట్టర్లు దిగిపోయి, వారమంతయు బేరసారముల సందడిలో మునిగియుండు వీధి కొంత తెరపి పడిన వేళ, ఆ మూసిన దుకాణముల ముంగిళ్ళలో, కాలిబాట పొడుగునను, పాతపుస్తకముల అంగళ్ళు వెలయును. పోటీపరీక్షల గైడ్లును, ఎవరో ఎవరికో ఆప్యాయముగా సంతకము చేసి యిచ్చిన నవలలును, విడివడిన నిఘంటువులును, వైద్యగ్రంథములును ఒక్క టార్పాలిను మీద కలసిమెలసి పడియుండును. అట్టి గుట్టలలో ఒకదాని అడుగున, గడచిన ఆదివారము, నా చేతికొక సంపుటము తగిలినది. అట్ట సగము ఊడినది. కాగితపు అంచులు తాకిన పొడిపొడియగుచున్నవి. మొదటి పుటలో ఏదో గ్రంథాలయపు ఊదారంగు ముద్ర తడికి అలికినట్లయి, పేరు చదువ వీలులేకున్నది. అది హైదరాబాదు రాష్ట్ర శాసనసభా చర్చల సంపుటము. తెరచి చూడగా ఒకచోట ఉర్దూ పంక్తులు కుడినుండి యెడమకు నడచుచున్నవి; కొన్ని పుటలు త్రిప్పునప్పటికి తెలుగు పంక్తులు ఎడమనుండి కుడికి బయలుదేరినవి. అంగడివాడు నూటయేబది యడిగి నూటికిచ్చినాడు. నెహ్రూ విగ్రహము ప్రక్క నీడను చూచుకొని నిలుచుండి, ఆ తెలుగు పుటలను అక్కడికక్కడనే మరల మరల త్రిప్పితిని.

తెలుగువారి నగరములో తెలుగున మాటలాడుట యేమి వింతయని పాఠకులు అడుగవచ్చును. అది వింతయైన కాలమొకటి యుండెను. నేను నిలుచున్న చోటికి ఎంతో దూరము లేదు. కోఠివైపు నడచిన జాంబాగులో వివేకవర్ధినీ విద్యాలయము కలదు. 1921వ సంవత్సరము నవంబరు నెలలో అచట నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహర్షి కర్వే ఆ సభకు అధ్యక్షులు. అన్యభాషలలో ఉపన్యాసములు నిరాఘాటముగా సాగిన ఆ వేదికమీద, ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ నారంభింపగానే, సభికులలో కొందరు అల్లరిచేసి, ఆయన మాట సాగనీయక, కూర్చుండబెట్టిరి. నిజాం రాజ్యములో దాదాపు సగముమంది మాటలాడు భాషకు, ఆ రాజ్యపు రాజధానిలో, విద్యావంతుల సభలో జరిగిన మర్యాద యిది. ఆ రాత్రియే టేకుమాళ్ళ రంగారావుగారి యింట కొలదిమంది సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించుకొనిరి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు, మందుముల నరసింగరావుగారు మొదలగు పెద్దలు దానిని తమ భుజములపై మోసిరి. వీరిలో పెక్కుమంది వకీళ్ళు. పగలు న్యాయస్థానములలో ఉర్దూలో వాదించి, సాయంకాలము తెలుగు పాఠశాలలకును గ్రంథాలయములకును చందాలు ప్రోగుచేసినవారు. ఈ నగరపు పురమందిరమును, న్యాయమందిరమును చూడబోవువారు ఈ కథను ముందు తెలిసికొని పోవుట మంచిదని నా తలంపు. కట్టడపు సొగసు కన్నులకు తానే కనబడును. దాని గోడలు విన్న భాష యేదియో మాత్రము ఒకరు చెప్పవలసినదే.

మరునాడు, సోమవారము ప్రొద్దున, ఆ సంపుటమును సంచిలో వేసికొని ఆబిడ్సునుండి నాంపల్లికి నడచితిని. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో పనిచేసిన ఆబిద్ అను ఆర్మీనియా జాతీయుడు ఇచట దుకాణము పెట్టగా, ఆ దుకాణపు పేరే పేటకు నిలిచినది. స్టేషను రోడ్డు పట్టి పోయిన, 1907లో కట్టిన నాంపల్లి రైల్వే స్టేషను వచ్చును. దానిని దాటి కొంత నడచిన, జనుల నోట బాగ్-ఎ-ఆం అనియు, పబ్లిక్ గార్డెన్సు అనియు పిలువబడు ఉద్యానము వచ్చును. పెద్ద చెట్ల క్రింద వృద్ధులు నడకకు వచ్చి బెంచీలమీద కూర్చుండి పత్రికలు చదువుకొనుచుందురు. ఏటేట నాంపల్లి ఎగ్జిబిషను మైదానములో జరుగు నుమాయిషు కూడ 1938లో మొదట ఈ తోటలోనే పుట్టినది. ఈ తోట అంచున, సైఫాబాదు పోవు రాజమార్గమునకు ముఖము పెట్టి, తెల్లని గుమ్మటములతో నిలిచినదే హైదరాబాదు టౌన్ హాలు. ఈనాడు దానిని ఆ పేర పిలుచువారు అరుదు. అసెంబ్లీ యన్ననే ఆటోవానికి తెలియును.

1905లో మహబూబ్ అలీఖానునకు నలువది యేండ్లు నిండిన సందర్భమున, పురజనులు తమలో తాము చందాలు వేసికొని, ఆయన పేర ఒక పురమందిరమును కట్టదలచి శంకుస్థాపన చేయించిరి. రాజులు ప్రజలకై కట్టించిన భవనములు ఈ దేశమున కోకొల్లలు. ప్రజలు తమ సొమ్ముతో రాజు పేర కట్టిన భవనములు కొన్నియే. ఆ పని సాగుచుండగనే 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ వరదలో రాజు స్వయముగ నదీతీరమునకు వచ్చి, హైందవ సంప్రదాయానుసారముగ మూసమ్మకు పూజచేసి శాంతింపుమని వేడినాడని నగరవాసులు ఈనాటికిని చెప్పుకొందురు. భవనము పూర్తియగునప్పటికి, అనగా 1913 నాటికి, ఆ మహబూబ్ అలీఖాను లేడు, 1911లోనే గతించెను. ఎవని జన్మదినమునకై ఆ మందిరము సంకల్పింపబడెనో అతడు దాని గడపలో కాలిడలేదు.

లోనికి పాసు లేనిదే పోవీలులేదు. కావున తోటవైపునుండి కొంత, రోడ్డువైపునుండి కొంత, కంటికి అందినంత చూచితిని. తామరరేకుల వలె అంచులు తీర్చిన కమానులు, వాని మీద వరుసగా గవాక్షములు, మూలలయందు చిన్నచిన్న ఛత్రీలు, నడుమ ఎత్తుగా గుమ్మటము. రాజస్థానపు కోట యొకటి, పారశీకపు తోటమేడ యొకటి, చేయి చేయి పట్టుకొని నిలిచినట్లుండును. సిమెంటు వాడుక రాకముందు రాతికి రాతిని పట్టియుంచినది గానుగలో నూరిన డంగుసున్నము. ఆ సున్నపు తెలుపులో ఒక మెత్తదనమున్నది. ప్రొద్దుటి యెండ దానిమీద పడి ప్రతిఫలింపక లోపలికి ఇంకినట్లుండును. దాని ప్రక్కనే, దాని పోలికలోనే కట్టిన క్రొత్త శాసనసభా భవనమును చూచినప్పుడు ఈ భేదము స్పష్టముగా తెలియును. 1985లో సభ ఆ క్రొత్త భవనమునకు మారినది. ఆవరణలో ధ్యానముద్రలో కూర్చున్న గాంధీజీ కాంస్యవిగ్రహము దారిన పోవువారి కందరికిని కనబడును. ఇటీవలి కాలమున పాత భవనమునకు ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు సహాయముతో జీర్ణోద్ధరణము తలపెట్టిరి. మిక్కిలి మంచి పని. ఆ సున్నమును మరల సున్నముతోనే అతుకవలెను.

1952లో తొలి ఎన్నికలు జరిగి, ఈ పురమందిరము హైదరాబాదు రాష్ట్ర శాసనసభయైనది. 1921 నాటి ఆంధ్ర జనసంఘములో నడుము కట్టిన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియై ఇచట కూర్చుండిరి. అంతకుముందే, 1951లో, మాడపాటి హనుమంతరావుగారు నగరపు మేయరైరి. పిమ్మట 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులైరి. వనపర్తి నుండి ఎన్నికై వచ్చిన సభ్యుడొకరు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆ పేరు వ్రాయుచుండగా నా చేయి ఒకింత ఆగినది. ఆబిడ్సులోని రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు పర్యవేక్షకులుగా నుండి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నడపినవారు. తెలంగాణమున తెలుగు కవులు పూజ్యమని ఒకరు వ్రాయగా కోపము మాటలలో తీర్చుకొనక, ఊరూర తిరిగిన ఉత్తరముల ద్వారమున మూడువందల యేబదినలుగురు కవుల పద్యములు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి చూపినవారు. ఆయన శాసనసభ్యుడుగా ఉన్నది ఏడాదిన్నర మాత్రమే; 1953 ఆగస్టు 25న కాలధర్మము చెందిరి. ఈ పబ్లిక్ గార్డెన్సు ప్రక్కనే వెలసిన తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టుటకు 2025లో శాసనసభ బిల్లు ఆమోదించినది. వసతిగృహము ఆబిడ్సులో, సభ నాంపల్లిలో, విశ్వవిద్యాలయము ఆ సభ ప్రక్కన. ఒక మనుష్యుని జీవితకార్యమంతయు ఒక గంట నడకలో ఇమిడిపోయినది.

ఈ సభలో మాటలాడినవారు ఏకాభిప్రాయులని నేను చెప్పుట లేదు. 1955 తుది దినములలో విశాలాంధ్రమా, ప్రత్యేక తెలంగాణమా యని ఇచ్చటనే దీర్ఘచర్చ జరిగినది. అభిప్రాయము తెలిపిన నూట నలుబదియేడుగురిలో నూటముగ్గురు విశాలాంధ్రమును కోరగా, ఇరువదితొమ్మిదిమంది ప్రత్యేక రాష్ట్రమును కోరిరి, పదునైదుగురు తటస్థులైరి. మరుసటి సంవత్సరము కర్నూలు నుండి ఆంధ్ర సభ్యులు వచ్చి చేరిరి; అయ్యదేవర కాళేశ్వరరావుగారు సమైక్య సభకు తొలి స్పీకరైరి. 2014లో రాష్ట్రము విడివడినప్పుడు ఈ ఆవరణమునే రెండు రాష్ట్రముల సభలు పంచుకొనినవి. కలయుటకును, విడిపోవుటకును సాక్షియైన చోటు ఇది. కాని నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి: కలసినప్పుడును, విడివడినప్పుడును, వాదించినవారు తెలుగునను వాదించిరి, వారిని కూర్చుండుమని ఎవరును అల్లరి చేయలేదు. 1966లో తెలుగును అధికార భాషగా నిర్ణయించిన చట్టము కూడ ఈ పాత మందిరములోనే పుట్టినది. 1921లో నామరూపములు దాల్చిన ఆ వేదన చట్టముగా మారుటకు, లెక్కించి చూడగా, నలువదియైదు సంవత్సరములు పట్టినది.

అక్కడినుండి వెనుకకు మరలి నాంపల్లి నేరవిచారణ న్యాయస్థానములకు పోయితిని. చరిత్రకారులు ఆ ఆవరణను వర్ణింపరు. ఛాయాచిత్రములు తీయువారు అటు పోరు. అయినను పురమందిరముకన్న న్యాయమందిరముతోనే సామాన్యునికి పని యెక్కువ. ఉదయము పదిన్నరకే నల్లకోట్లు, ఫైళ్ళ కట్టలు, స్టాంపు వెండర్ల బల్లలు, నోటరీల గొడుగులు, చాయ కప్పులు పట్టుకొని పరుగెత్తు కుర్రవాండ్రు. లోపలినుండి జవాను ఒక పేరు మూడుమారులు పిలుచును, ఆ పేరుగలవాడు ఎచ్చటనో మెట్లమీదనుండి ఉలికిపడి లేచును.

వికారాబాదు వైపునుండి రైలుదిగి వచ్చిన వృద్ధురాలొకతె చెట్టుక్రింద కూర్చుండియున్నది. కొంగున కట్టిన మూటలో పట్టా పాసుపుస్తకము, చేతిలో నాలుగు మడతల కాగితము. ఆ కాగితమును ఒక వకీలుగారి గుమాస్తాకు చూపి అడిగినది:

“గిందుల ఏం రాసిండ్రు బిడ్డా?”

“మీ మనుమనికి బెయిలయిందవ్వా. ఇద్దరు జమానతు ఉండాలె. పాసుబుక్కు తెచ్చినవా?”

“తెచ్చిన. గని గీ ఒక్క మాటకు గిన్ని అచ్చరాలా? అన్నీ చదువు కొడుకా, ఇంకేమన్న ఉన్నదేమో.”

గుమాస్తా యువకుడు. పని తొందరలో నున్నవాడు. అయినను కాగితము తీసికొని, చెట్టుమొదట చతికిలబడి, ఆంగ్లములోని ఒక్కొక్క పంక్తి క్రింద వ్రేలు పెట్టి, తెలుగున చెప్పుకొనుచు పోయినాడు: ఏ తేదీన రావలెను, ఎవరి జోలికి పోరాదు, ఊరు విడిచి పోవలసిన ఎవరితో చెప్పవలెను. వృద్ధురాలు అతని వ్రేలివెంట చూపు కదల్చుచు, చదువురాకున్నను, ప్రతి పంక్తికిని తల ఊపినది. పిదప బల్లయొద్ద వ్రేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవ్రేలిని తలవెంట్రుకలకు రాచుకొని, కాగితమును మరల అవే నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకొన్నది. ఆ గుమాస్తా ఆనాడు చేసిన పనికి ఏ కోర్టు రుసుమును లేదు. ఆ అరగంటలో న్యాయము ఆమెకు అందినదనిన, అతని నోట తెలుగైన తరువాతనే అందినది.

ఆమెకు జమానతు అను మాట తెలియును. వాయిదా, దావా, జప్తు, పంచనామా, వకాల్తా, ఫైసలా, ముచ్చిలిక. ఇవి యన్నియు మన పల్లెలలో చదువురానివారికి సైతము కరతలామలకములు. నిజాం రాజ్యపు కచేరీలలో మొదట ఫార్సీ యుండెను. 1884 ప్రాంతమున దాని స్థానమున ఉర్దూ వచ్చినది. ఆ భాషల మాటలు తెలుగునోట నాని, తెలుగు విభక్తులు తగిలించుకొని, మనవే యైనవి. వానిని తీసివేసి సంస్కృత సమాసములను పెట్టవలెనని వాదించువారితో నేనేకీభవింపను. వాయిదా అనిన రైతునకు తెలియును. తెలియని దేదియనిన, ఆ వాయిదా ఎందుకు పడినదో వివరించు ఆంగ్లవాక్యము.

నాంపల్లినుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా, అఫ్జల్‌గంజు దాటి, నయాపూలు మీద నిలిచినచో, మూసీ దక్షిణపు గట్టున ఉన్నత న్యాయస్థానము కనబడును. వరదలో తుడిచిపెట్టుకుపోయిన తీరమును మరల తీర్చిదిద్దు సంకల్పముతో ఏడవ నిజాము కట్టించిన కట్టడములలో ఇది మేటి. జయపురమునకు చెందిన శంకర్‌లాల్ పటము గీయగా, విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయ వాస్తుశిల్పి దానికి తుదిరూపమిచ్చెను. నది కావలి గట్టుననున్న ఉస్మానియా ఆసుపత్రియు, కాచిగూడ రైల్వే స్టేషనును ఆయన చేతివే. 1915లో పునాది పడి, 1920 ఏప్రిలు నెలలో ప్రారంభోత్సవము జరిగినది. గులాబిరంగు గ్రానైటు గోడలు, ఎర్రయిసుకరాతి చెక్కడములు, పెద్ద కమాను ద్వారము. సాయంకాలమున నదివైపునుండి చూచినచో ఆ రాయి మండుచున్న కుంపటి వన్నెకు తిరుగును. గుంటూరునుండి తరలివచ్చిన ఆంధ్ర హైకోర్టు 1956 నవంబరులో ఇచట చేరినప్పుడు కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి. తరువాత ఆయనయే దేశమునకు ప్రధాన న్యాయమూర్తియైరి. 2009 ఆగస్టు 31న ఇచట అగ్నిప్రమాదము జరిగి గ్రంథాలయములోని అమూల్యమైన పుస్తకములు బూడిదయైనవి. ఆ వార్త చదివిననాటి బాధ నాకింకను మరపునకు రాలేదు. రాజేంద్రనగరులో నూరెకరములలో క్రొత్త హైకోర్టునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది.

ఈ మందిరమును గూర్చి చెప్పవలసిన అతిముఖ్యమైన సంగతి రాతిలో లేదు. రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి ఉన్నత న్యాయస్థానముల వ్యవహారము ఆంగ్లములో జరుగవలెను. అయినను 2023 జూను మాసాంతమున, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఒక కుటుంబపు ఆస్తితగాదాలో తన తీర్పును, ఆంగ్లప్రతితోపాటు, తెలుగున వెలువరించినది. తెలంగాణ హైకోర్టులో అదియే మొదటి తెలుగు తీర్పు. సుప్రీంకోర్టు 2019నుండియే తన తీర్పులలో కొన్నింటిని తెలుగు మొదలగు భాషలలోనికి అనువదింపించి ప్రకటించుచున్నది. తీర్పు వ్రాయుటకు తెలుగు చాలదని, న్యాయపరిభాష తెలుగున ఇమడదని ఇన్నాళ్ళు విన్నమాట ఆ తెలుగు తీర్పుతో చెల్లిపోయినది. చేయవచ్చునని తేలిన పనిని చేయకుండుటకు ఇక కారణము కనబడదు. జమానతు ఉత్తర్వయినను సరే, వాయిదా పత్రమయినను సరే, క్రింది న్యాయస్థానములనుండి కక్షిదారు చేతికి వచ్చు ప్రతి కాగితమునకు ఒక తెలుగు ప్రతి జతచేయవలెనని న్యాయాధికారులను, ప్రభుత్వమును వేడుచున్నాను. ఆ చెట్టుక్రింది గుమాస్తా దయమీద ఒక వృద్ధురాలి మనుమని స్వేచ్ఛ ఆధారపడి యుండరాదు.

పురమందిరపు పెద్దలకును ఒక విన్నపము. రక్షణ అవసరమే, కాదనను. కాని సభలు లేని దినములలో, నెలకొక్క ఆదివారమైనను, ఆ పాత మందిరపు తలుపులు పౌరులకు, ముఖ్యముగా బడిపిల్లలకు తెరువుడు. వారిని ఆ సభాస్థలిలో నిలుపుడు. ఇచట సురవరమువారు కూర్చుండిరని, ఇచట తెలుగు అధికారభాష యైనదని చెప్పుడు. ఆబిడ్సులో నేను కొన్న సంపుటమువంటివి సభా గ్రంథాలయములో వరుసగా నుండును. ఒకదానిని అద్దపు పెట్టెలో తెరచిపెట్టిన, ఒక ప్రక్క ఉర్దూ, ఒక ప్రక్క తెలుగు, పిల్లలు తామే చూచుకొందురు.

అంతవరకు, ఈ పత్రిక చదువు తలిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని, ఒక ఆదివారము ప్రొద్దున నాంపల్లిలో దిగి, తోట దాక నడచి, ఆ తెల్లని గుమ్మటములను చూపి, నూరేండ్లకు పూర్వము ఈ ఊరి జనులు చందాలు వేసికొని దీనిని కట్టిరని వారికి చెప్పవలెనని కోరుచున్నాను. తోటలోనికి పాసు అక్కరలేదు.